చిన్న మోటారు బోటుకు పనిముట్ల పెట్టె: బోటులో ఏం పెట్టుకోవాలి, ఇంట్లో ఏం ఉంచాలి

మీ ప్రశ్న ఇది. 18 అడుగుల ఫైబర్ బోటు, దానికి వెనక బయటివైపు బిగించే 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్, రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. యానాం నుంచి భైరవపాలెం వైపు గౌతమి పాయల్లో తిరుగుతారు, వాతావరణం బాగుంటే మొగ దాటి కొంచెం సముద్రంలోకి వెళ్తారు. దుకాణంలో వందకు పైగా ముక్కలున్న టూల్ సెట్ చూపించారట. అది కొంటే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా అని అడిగారు.

ఆ సెట్ కొనకండి. అందులో సగానికి పైగా మీ ఇంజన్ మీద ఎక్కడా పట్టని సైజులే ఉంటాయి. మీకు తప్పకుండా కావలసిన ప్లగ్గు పానా, ప్రొపెల్లర్ నట్టు పానా, గేర్ ఆయిల్ స్క్రూకి పట్టే వెడల్పు మొన స్క్రూడ్రైవర్ అందులో ఉంటాయన్న నమ్మకం లేదు. పైగా ఆ ప్లాస్టిక్ పెట్టెలో ఒక్కో ముక్కకు ఒక్కో గుంట ఉంటుంది. ఉప్పునీళ్ళు ఆ గుంటల్లో చేరితే ఆరవు. ఒక్క సీజన్ తిరిగేసరికి అన్నీ తుప్పు పట్టి అతుక్కుపోతాయి.

పెట్టెలో ఏం ఉండాలో మీ ఇంజన్ దగ్గరే తెలుసుకోవాలి. ఒకరోజు తీరిగ్గా బోటును ఒడ్డుకు లాగి, ఇంట్లో ఉన్న పానాలన్నీ పక్కన పెట్టుకుని ఐదు పనులు మీ చేతులతో మీరే చేయండి. ప్లగ్గులు విప్పి మళ్ళీ బిగించండి. పెట్రోలు ఫిల్టరు తీసి పెట్టండి. ప్రొపెల్లర్ ఊడదీసి ఎక్కించండి. లాగుడు తాడు ఉన్న పై మూత విప్పి, ఫ్లైవీల్‌కు విడి తాడు చుట్టి స్టార్ట్ చేయండి. ఇంజన్ పక్క నుంచి చల్లదనపు నీళ్ళు సన్నటి ధారగా చిమ్మే రంధ్రాన్ని శుభ్రం చేయండి. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ కింది భాగం నీళ్ళ డ్రమ్ములో మునిగి ఉండాలి. నీళ్ళు లేకుండా కాసేపు తిరిగినా, చల్లదనపు నీళ్ళు తోడే లోపలి రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, మాడిపోతుంది. ఈ ఐదు పనుల్లో మీ చేతికి వచ్చిన ప్రతి పనిముట్టూ పెట్టెలోకి వెళ్ళాలి, ముట్టుకోనివి ఇంట్లో ఉండాలి. ఒడ్డున, పగటి వెలుతురులో చేయలేకపోయిన పని అలల మీద ఊగే బోటులో, ఇంజన్ వైపు వంగి నిలబడి చేయగలరని అనుకోవద్దు. అలాంటి పని ఉంటే దాని పనిముట్టు మోసుకెళ్ళి లాభం లేదు. ముందు ఆ పని నేర్చుకోండి, లేదా వచ్చినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

సైజుల సంగతి. ఆ తరగతి జపాన్ ఇంజన్లలో ఎక్కువగా పట్టేవి 8, 10, 12, 14, 17 ఎంఎం పానాలు. 6 ఎంఎం బోల్టుకు 10 పానా పడుతుంది. 8 ఎంఎం బోల్టుకు జపాన్ కొలతలో 12, బయట దుకాణంలో దొరికే మామూలు బోల్టుకైతే 13. పాత యజమాని ఎక్కడో ఒకచోట బయటి బోల్టు వేసి ఉంటాడు కాబట్టి 13 కూడా ఉంచండి. ఒకవైపు రింగు, ఇంకోవైపు నోరు ఉన్న కాంబినేషన్ పానాలు విడివిడిగా కొనుక్కోండి. టపారియా లాంటి పేరున్న రకం చాలు. అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి ఉండొచ్చు గానీ దాన్నే నమ్ముకోకండి. ఉప్పుకి బిగుసుకున్న బోల్టు తలను అది గుండ్రంగా అరగదీస్తుంది, ఆ తర్వాత ఏ పానా పట్టదు. స్క్రూడ్రైవర్లు మూడు కావాలి: 2వ నంబరు ప్లస్సు, సన్న మైనస్సు, వెడల్పు మైనస్సు. కటింగ్ ప్లేయర్ ఒకటి, సన్న ముక్కు ప్లేయర్ ఒకటి. ఆలెన్ కీలు మీ ఇంజన్‌కు అవసరమైతేనే.

ఇంజన్ ఆగిపోయినప్పుడు అందరి చెయ్యీ ముందు వెళ్ళేది ప్లగ్గు మీదికే, అది న్యాయమే. పాత తరహా టూ-స్ట్రోక్‌లలో తరచుగా వాడే 14 ఎంఎం మర ప్లగ్గుకు 21 ఎంఎం ప్లగ్గు పానా పడుతుంది. ఫోర్-స్ట్రోక్ చిన్న ఇంజన్లలో 10 ఎంఎం మర ప్లగ్గులు వస్తాయి, వాటికి 16 కావాలి. మీదేదో విప్పి చూసి, లోపల రబ్బరు పట్టు ఉన్న పానా కొనండి. రబ్బరు లేకపోతే ప్లగ్గు జారి నీళ్ళలో పడుతుంది. మీ ఇంజన్‌కు రెండు సిలిండర్లు ఉంటే రెండు కొత్త ప్లగ్గులు, నిప్పురవ్వ దూకే మొనల మధ్య గ్యాప్ సరిచూసి, మూత బిగుతుగా ఉన్న చిన్న సీసాలో పెట్టుకోండి. నీళ్ళ మీద పాత ప్లగ్గును గీకి, తుడిచి, స్పార్క్ వస్తోందా అని పరీక్షిస్తూ కూర్చోవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగునే నిలిచి ఉంటుంది. అక్కడ ప్లగ్గును ఇనుముకు ఆనించి నిప్పురవ్వ పుట్టించడం ప్రమాదం. కొత్తది వేసి చూడండి, పాతదాని సంగతి ఒడ్డున తేల్చుకోవచ్చు. ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన కొడితే ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువైనట్టు. లాగితే ఇంజన్ ఆగిపోయే కిల్ స్విచ్ క్లిప్పు తీసేసి, ప్లగ్గులు బయట ఉండగా, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి తాడు నాలుగైదు సార్లు లాగండి. లోపలి పెట్రోలు బయటికి పోతుంది. కొంచెంసేపు ఆవిరి పోనిచ్చి కొత్త ప్లగ్గులు వేయండి. వేసేటప్పుడు పానా పెట్టకుండా వేళ్ళతోనే మొదలుపెట్టాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, ప్లగ్గు మర ఉక్కు. అడ్డంగా ఎక్కిందంటే మర తెగి ఆ హెడ్ పాడైపోతుంది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే చేత్తో ఆగేదాకా తిప్పి, తర్వాత పానాతో ఇంకో అర చుట్టు చాలు.

కానీ నా అనుభవంలో ప్లగ్గు కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పెట్రోలు దారి. ఇక్కడ పనిముట్ల కంటే వరుస ముఖ్యం. ముందు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా చూడండి. తర్వాత పైపు మధ్యలోని రబ్బరు బల్బు నొక్కండి, దాని మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ట్యాంకు వైపు నుంచి గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా బల్బు చప్పిడిగా అణిగిపోతే గాలి స్క్రూ మూసి ఉంది, లేదా ట్యాంకు లోపలి గొట్టానికి చెత్త అడ్డుపడింది. బల్బు గట్టిగానే ఉండి ఇంజన్ అందుకోకపోతే లోపం ఇంజన్ వైపే. అప్పుడు ఫిల్టరు చూడాలి. ఇంజన్ నడుస్తూ మధ్యమధ్యలో చచ్చిపోతుంటే, బల్బును చేత్తో ఆగకుండా నొక్కుతూ చూడండి. పెట్రోలు పంపులోని పల్చటి పొర, అంటే డయాఫ్రం, దెబ్బతిన్నదైతే ఈ పద్ధతిలో నెమ్మదిగా ఒడ్డు చేరొచ్చు. ఇదంతా గుర్తుంచుకుంటే పెట్టెలో పెట్టాల్సినవి కొన్నే: ఒక ఫిల్టరు, మీ పైపు లావుకు సరిపోయే నాలుగు హోస్ క్లిప్పులు, పైపు చివరి కనెక్టరుకు రబ్బరు రింగులు, ఒక మీటరు పెట్రోలు పైపు, బల్బు ఒకటి. ఆ కనెక్టరు రింగు చూడటానికి చిన్నదే. అది ఎండి చిట్లితే ఇంజన్ గాలి తాగుతుంది, కారణం ఒక పట్టాన దొరకదు.

పెట్రోలులో నీళ్ళు చేరడం ఇప్పుడు మరీ ఎక్కువైంది. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా ఔట్‌బోర్డ్ ఇంజన్ల మాన్యువళ్ళు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. వాడని పెట్రోలును వారాల తరబడి ట్యాంకులో ఉంచకండి. పెట్టెలో ఒక చిన్న పారదర్శకమైన సీసా ఉంచండి. అనుమానం వస్తే ట్యాంకు అడుగు నుంచి కొంచెం అందులోకి తీసి కదలకుండా పెడితే నీళ్ళు కిందికి దిగి గీత కనిపిస్తుంది. పెట్రోలులో కలిపే నూనె విషయంలోనూ జాగ్రత్త. బండికి వాడే టూ-టీ ఆయిల్ దీనికి పనికిరాదు, నీళ్ళతో చల్లబడే ఔట్‌బోర్డ్‌కు టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నది కావాలి. మీ మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొలత గ్లాసు పెట్టెలోనే ఉంచుకోండి. కంటి అంచనాతో పోస్తే ఇంజన్‌కు మంచిది కాదు.

చల్లదనపు నీళ్ళ సంగతికి వస్తే, గోదావరి ఒండ్రు నీళ్ళలో తిరిగే ఇంజన్‌కు ఇదే అసలు ప్రాణం. బోటు నడుస్తున్నంతసేపూ ఆ సన్నటి ధార మీద ఓ కన్నేసి ఉంచాలి. ధార ఆగినా, నీరసించి ఆవిరి వచ్చినా వెంటనే ఇంజన్ ఆపేయండి. ముందు ఇంజన్ పైకెత్తి నీళ్ళు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ సంచి అంటుకుందేమో చూడండి, మన పాయల్లో ముందుగా అనుమానించాల్సింది అదే. తర్వాత ధార వచ్చే రంధ్రంలో లావు నైలాన్ దారం దూర్చి కదపండి. ఇనుప తీగ దూర్చకండి, లోపలి ప్లాస్టిక్ గొట్టం చిరుగుతుంది. వల నేసే లావు దారం ముక్కలు రెండు మూడు పెట్టెలో ఉంటే చాలు. అప్పటికీ రాకపోతే లోపం ఇంపెల్లర్‌లో. దాన్ని నీళ్ళ మీద మార్చే ప్రయత్నం చేయకండి. కింది గేర్ భాగం మొత్తం విప్పాలి, గేరు కడ్డీ విడదీయాలి, చేయి జారితే ఆ భాగమే నదిలోకి పోతుంది. తెడ్లు వేయండి, లేదా గెడ వేయండి. ఇంపెల్లర్‌ను ఏటా ఒడ్డునే మార్చేసుకోవడం మంచిది. ఒండ్రు, ఇసుక దాని రెక్కలను త్వరగా అరగదీస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. ఇంపెల్లర్, గేర్ ఆయిల్ పనులకు అంతకంటే మంచి సమయం లేదు.

ప్రొపెల్లర్‌కు వల చుట్టుకోవడం అందరికీ జరిగేదే. దానికి పంటి అంచు ఉన్న కత్తి కావాలి. నునుపు కత్తి తడి నైలాన్ మీద జారుతుంది. ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ క్లిప్పు తీసి జేబులో వేసుకున్న తర్వాతే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయండి. న్యూట్రల్‌లో ఉంటే చేత్తో వెనక్కి తిప్పుతూ కోయొచ్చు. నట్టు విప్పాల్సి వస్తే స్ప్లిట్ పిన్ను తిన్నగా చేసి లాగడానికి సన్న ముక్కు ప్లేయర్, నట్టు పానా, ఒక చెక్కముక్క కావాలి. ప్రొపెల్లర్ రెక్కకూ పైనున్న అడ్డపలకకూ మధ్య ఆ చెక్క పెడితే ప్రొపెల్లర్ తిరగకుండా నిలుస్తుంది. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ముందువైపు వచ్చే లావు వాషర్ తారుమారైతే గేర్ పెట్టె మీద భారం పడుతుంది. స్టెయిన్‌లెస్ స్ప్లిట్ పిన్నులు నాలుగు, నట్టు ఒకటి, వాషర్లు ఒక జత పెట్టెలో ఉండాలి. తీసిన స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడకండి. ప్రొపెల్లర్ వెనక ఇరుసుకు చుట్టుకున్న సన్న దారాన్ని కూడా వదలకండి. అది సీలు కోసి గేర్ పెట్టెలోకి నీళ్ళు పోనిస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా మారిందంటే అదే జరిగినట్టు.

పాత చిన్న ఇంజన్లలో ప్రొపెల్లర్‌కు షియర్ పిన్ను ఉంటుంది. దేనికైనా తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది తెగిపోవాలి. దాని బదులు మేకు కొట్టుకుని తిరిగేవాళ్ళను చూశాను. దయచేసి అలా చేయకండి, పిన్నుతో పోయేది గేర్ల దాకా వస్తుంది. మీ ఇంజన్‌లో ఆ పిన్ను బదులు ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉండే అవకాశమే ఎక్కువ. ఇంజన్ అరుస్తున్నా బోటు కదలకపోతే ఆ బుష్ జారుతోందన్నమాట. యాక్సిలరేటర్ బాగా తగ్గిస్తే నెమ్మదిగానైనా ఇంటికి చేరుస్తుంది.

లాగుడు తాడు తెగిపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. ఒక మీటరున్నర గట్టి తాడు, ఒక చివర ముడి, ఇంకో చివర చెక్క పిడి, ఇది పెట్టెలో ఉండాలి. పై మూతను పట్టుకున్న బోల్టులు తీస్తే ఫ్లైవీల్ బయటపడుతుంది. దాని అంచున గాడిలో ముడి తగిలించి, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి లాగాలి. ఈ పద్ధతిలో గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే లాక్ పనిచేయదు. అందుకే న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకోండి. స్టార్ట్ అయ్యాక ఆ మూత మళ్ళీ పెట్టకండి. తువ్వాలు, వదులు చొక్కా, చేతులు ఫ్లైవీల్ దగ్గరికి రానివ్వకండి. కిల్ స్విచ్ క్లిప్పు కూడా ఇంకోటి ఉండాలి, అది నీళ్ళలో పడిందంటే మంచి ఇంజన్ కూడా స్టార్ట్ కాదు.

మిగతా చిల్లర సామాను త్వరగా చెప్తాను. ఇన్సులేషన్ టేపు, కేబుల్ టైలు, మెత్తటి స్టీలు బైండింగ్ వైరు, ఒక సన్నరకం ఎమరీ కాగితం, హాక్సా బ్లేడు ముక్క, తుప్పు వదిలించే స్ప్రే, చిన్న గ్రీజు డబ్బా, నూలు గుడ్డలు, నీళ్ళలో కూడా గట్టిపడే ఎపాక్సీ ముద్ద. బోటు అడుగు బిరడాకు ఇంకోటి తోడు ఉండాలి. చిన్న సుత్తి పెట్టుకోవచ్చు గానీ నీళ్ళ మీద ఉండగా ఇంజన్ మీద వాడటానికి కాదు. మీది చేతి తాడు ఇంజన్ కాబట్టి బ్యాటరీ, ఫ్యూజు గొడవ లేదు, మల్టీమీటర్ ఇంట్లోనే ఉంచండి. రేపు ఎలక్ట్రిక్ స్టార్ట్‌కు మారితే రెండు ఫ్యూజులు చేర్చండి, బ్యాటరీ టెర్మినల్‌కు 10 పానా సరిపోతుంది. తీరంలో చాలామంది వాడే, పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉండే లాంగ్‌టైల్ డీజిల్ ఇంజన్ అయితే కథే వేరు. దానికి ప్లగ్గులుండవు, పైపులో గాలి చేరితే బ్లీడ్ స్క్రూ విప్పి గాలి తీయడానికి పానా, రాగి వాషర్లు, డీజిల్ ఫిల్టరు ముఖ్యం.

పెట్టె గురించి. ఇనుప పెట్టె వద్దు. మూతకు రబ్బరు పట్టీ ఉన్న వెడల్పు నోటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, చెయ్యి లోపలికి పోవాలి. పానాలను ఇంజన్ ఆయిల్ అద్దిన నూలు గుడ్డలో చుట్టండి. ప్లగ్గులు, రబ్బరు రింగులకు ఆ నూనె అంటకుండా వేరే సంచి పెట్టండి. పైన అందుబాటులో ఉండాల్సినవి ప్లగ్గు పానా, 10 పానా, ప్లేయర్, కత్తి. మిగతావి కిందికి పోయినా ఫర్వాలేదు. ప్రతి పనిముట్టుకూ చిన్న నైలాన్ తాడు ఉచ్చు కట్టండి. ఇంజన్ దగ్గర వంగినప్పుడు ఉచ్చు మణికట్టుకు వేసుకుంటే చెయ్యి జారినా పానా నీళ్ళపాలు కాదు. ఉప్పునీళ్ళు తగిలిన పనిముట్లను ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. పెట్టె లోపల మూతకు ఒక కాగితం అంటించండి: ఇంజన్ మోడల్ నంబరు, ప్లగ్గు నంబరు, గ్యాప్, పైపు లావు, ఇంపెల్లర్ నంబరు, నూనె నిష్పత్తి. తడవకుండా పైన టేపు వేయండి. కాకినాడలో విడిభాగాల దుకాణానికి ఫోన్ చేసినప్పుడు వాళ్ళు అడిగేవి అవే.

పెట్టెలో పట్టనివి కొన్ని ఉన్నాయి. తెడ్లు, గెడ, లంగరు, నీళ్ళు తోడే బకెట్, అందరికీ లైఫ్ జాకెట్లు. పెట్రోలు మంటలకు పనికొచ్చే చిన్న అగ్నిమాపక సిలిండరు. నుదుటికి కట్టుకునే టార్చి తప్పనిసరి, చేతి టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. నీళ్ళు పోని సంచిలో ఫోన్, అందులో కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసుల నంబరు 1093. మొగ దాటే రోజైతే బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, గాలి సమాచారం చూడండి. పాటు దిగుతుండగా, అంటే నీళ్ళు సముద్రంలోకి తీసే వేళ, ఎదురు గాలి ఉంటే మొగలో అలలు కుదించుకుని నిటారుగా లేస్తాయి. అక్కడ ఇంజన్ ఆగితే ఏ పెట్టె తెరిచే సమయం ఉండదు. ముందు లంగరు వేసి ముక్కు అలకు ఎదురుగా నిలపండి, ఆ తర్వాతే ఇంజన్ మూత.

ఇక సెకండ్ హ్యాండ్ ఇంజన్ కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్టీలు బోల్టు అల్యూమినియం మీద ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటే రెండూ కలిసిపోతాయి. పాత యజమాని గ్రీజు పెట్టకపోయి ఉంటే మీ పెట్టె ఎంత బాగున్నా నీళ్ళ మీద ఆ బోల్టు కదలదు. కాబట్టి మొదటిసారి నీళ్ళలోకి దించే ముందే పైన చెప్పిన ఐదు పనుల్లో వచ్చే ప్రతి బోల్టూ ఒడ్డున విప్పి చూడండి. బిగుసుకుంటే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే సుత్తితో తలమీద మెల్లగా తట్టి, కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ తీయండి. ఒకేసారి బలం పెడితే తల తెగుతుంది. వచ్చాక మరకు మెరైన్ గ్రీజు రాసి ఎక్కించండి. ఇంజన్ కింది భాగంలో ఉండే జింక్ ముక్క సగానికి అరిగి ఉంటే మార్చండి, దానికి పెయింటు మాత్రం వేయకండి. వేస్తే అది అరగడం మానేసి ఇంజనే అరుగుతుంది.

గేర్ ఆయిల్ కూడా అప్పుడే మార్చేయండి. కింది స్క్రూ రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కింది ట్యూబు తీసి ఆ స్క్రూ బిగించండి. రెండింటికీ కొత్త వాషర్లు వేయండి. తీసిన ఆయిల్ ఏ రంగులో ఉందో, ఇంజన్ బిగింపు బ్రాకెట్ మీది ప్లేటుపై ఏ మోడల్ నంబరు ఉందో రాయండి. ఆ ఇంజన్‌కు ఏ ప్లగ్గు, ఏ ఇంపెల్లర్ పడుతుందో, ప్రొపెల్లర్ నట్టుకు ఏ పానా కావాలో చూసి చెప్తాను.